గణితం, కంప్యూటర్లు, కామర్స్ చదివే పిల్లలకు ఒకే గదిలో పద్యం చెప్పడం ఎలా?

ప్రశ్న: బ్రాడీపేట అధ్యాపకురాలు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాలలో పదకొండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. మన రాష్ట్రంలో 2023-24 విద్యాసంవత్సరం నుంచి డిగ్రీలో ఒకే మేజర్ పద్ధతి వచ్చిన సంగతి మీకు తెలిసినదే. విద్యార్థి తన మేజరుతో పాటు వేరే విభాగం నుంచి కూడా కొంత చదవాలన్నది 2020 జాతీయ విద్యావిధానం ఆలోచన. దానిని పట్టుకుని, వచ్చే సెమిస్టరుకు కవిత్వం మీద ఒక కోర్సు నడపమని మా కళాశాలలో నాకు అప్పగించారు. పేర్లు ఇచ్చిన నలభై ఆరుగురిలో తెలుగు ప్రధానంగా తీసుకున్నవారు ముగ్గురే. మిగిలినవారు గణితం, కంప్యూటర్లు, కామర్స్, జంతుశాస్త్రం, ఆర్థికశాస్త్రం చదువుతున్నవారు. వారిలో చాలామంది ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నారు కనుక, పదో తరగతి తరువాత తెలుగు పద్యం వారి కంటపడలేదు.

నా భయం పిల్లలకు పద్యం రాదని కాదు. పద్యం వారి వారి శాస్త్రాలకు పనిమనిషిగా మారిపోతుందేమోనని. కిందటి ఏడాది పర్యావరణం తరగతికి నన్ను పిలిచి, చెట్ల మీద ఒక పద్యం చెప్పమన్నారు. చదివి, అర్థం చెప్పాను. ఒక అబ్బాయి లేచి, "మేడమ్, ఇందులో పాయింట్లు ఏమిటి?" అని వినయంగానే అడిగాడు. నేను ఆలోచించకుండా బోర్డు మీద నాలుగు పాయింట్లు రాశాను. ఆ క్షణం నుంచి గదిలో ఒక్కరు కూడా పద్యం వైపు చూడలేదు, అందరూ ఆ నాలుగు వాక్యాలనే నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. చెట్లను కాపాడాలని చెప్పడానికి ఆ పద్యం అవసరమే లేదని నేనే నా చేత్తో బోర్డు మీద రుజువు చేసినట్టయింది. అది ఇప్పటికీ నన్ను బాధిస్తున్నది.

అలాగని గణాలు, యతులు, ప్రాసలు, అలంకారాలు అని మా విభాగపు పాత బాటలోనే వెళ్ళితే ఆ నలభైమందిని మొదటి వారంలోనే పోగొట్టుకుంటాను. కనుక అడుగుతున్నాను. పద్యాన్ని నడుమ ఉంచి ఇతర శాస్త్రాలను దాని దగ్గరికి పిలవడం ఎలా? నేనొక్కదాన్నే చెప్పాలా, ఇతర విభాగాల వారు కూడా తరగతిలో ఉండాలా? ఏ పద్యంతో మొదలుపెట్టాలి? ఇటువంటి పని నిజంగా చేసి చూసినవారు చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

జవాబు: సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, నేను విజయవాడలో ముప్ఫై ఏళ్ళు భూగర్భశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. తెలుగు పండితుణ్ణి కాను. అయితే మీరు అడిగిన పనినే, దానికి ఏ పేరూ పెట్టకుండా, నేనూ మా తెలుగు మాస్టారూ కలిసి కొన్నేళ్ళు చేశాము. ఆ అనుభవం చెబుతాను.

మేము మొదలుపెట్టిన పద్యం శ్రీనాథుడిదిగా అందరి నోటా ఉన్న పల్నాటి చాటువు.

చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు
సజ్జ జొన్న కూళ్ళు సర్పంబులును దేళ్ళు
పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు

మాస్టారు ముందే ఒక షరతు పెట్టారు. మొదటి పావుగంట శాస్త్రం మాట ఎవరూ ఎత్తకూడదు. ఆయన పద్యాన్ని మూడుసార్లు చదివారు. మూడోసారికి పిల్లలే అందుకున్నారు. అడుగడుగునా "ళ్ళు" దగ్గర ఆగి సాగే ఆ నడక రాళ్ళ మీద చెప్పులు లేకుండా వెళ్తున్నట్టుగా ఉందని వెనుక బెంచీలో ఒక అమ్మాయి అన్నది. మాస్టారు ఆ మాటను మెచ్చుకోనూ లేదు, సరిదిద్దనూ లేదు. ఇంకొకసారి చదవమని ఆ అమ్మాయినే అడిగారు.

తరువాత నా వంతు వచ్చింది. కారెంపూడి దగ్గరి పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు, తమ ఇంటి వసారాలో పరచగా మిగిలిన నాపరాయి ముక్కను సంచిలో తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన చూస్తే నున్నని బూడిదరంగు పలక, అంచు వైపు తిప్పి చూస్తే పుస్తకం పేజీల వంటి పొరలు. దాని మీద పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేయగానే బుసబుసమని నురగ వచ్చింది. ఇది సున్నపురాయి అని ఆ నురగే చెబుతుంది. కోట్ల ఏళ్ళ కిందట లోతులేని సముద్రం అడుగున సున్నపు మట్టి పొర మీద పొరగా పేరుకుని గట్టిపడితే ఏర్పడిన రాయి కనుకనే అది పలకలుగా విడుస్తుంది. పలకలుగా విడుస్తుంది కనుకనే మన ఇళ్ళలో నేల మీద పరుచుకున్నాము. పిడుగురాళ్ళ బట్టీల్లో కాలి సున్నమయ్యేది, ఆ ప్రాంతపు సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకయ్యేది కూడా సున్నపురాయే.

ఇంతవరకు చెప్పి ఆగితే మీరు భయపడినదే జరుగుతుంది. పద్యం నా పాఠానికి గుమ్మం అయి, లోపలికి వచ్చాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. అందుకని నేను పద్యాన్నే ఒక ప్రశ్న అడిగాను. నాలుగు పాదాలు మాత్రమే ఉన్న పద్యంలో కవి రాళ్ళను రెండుసార్లు ఎందుకు చెప్పాడు? యతి కోసమే అయితే నాగులేటికి సరిపోయే "నా" తో మొదలయ్యే మాట ఇంకొకటి దొరకదా? పిల్లలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి తేలినది ఇది. చిన్న రాళ్ళు నేల మీద చెదిరి ఉన్నవి, నాపరాళ్ళు నేల అడుగున పరుచుకుని ఉన్నవి. వాగు నేలను కోసుకుంటూ దిగినచోటనే ఆ అడుగు పరుపు కంటికి కనిపిస్తుంది. అందుకే పద్యంలో నాపరాళ్ళు చిన్న రాళ్ళ పక్కన లేవు, నాగులేటి నీళ్ళ పక్కన ఉన్నాయి. కవి ఇదంతా తెలిసి రాశాడని నేను అనను. ఆ సీమలో నడిచి, వాగులో కాళ్ళు కడుక్కున్నవాడు చూసినది చూసినట్టు చెప్పాడని మాత్రం అంటాను.

సజ్జ జొన్న కూళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆర్థికశాస్త్రం విద్యార్థులు కదిలారు. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత కుడికాలువ కింద పల్నాడులో వరి పండింది. "మా తాత తిన్న జొన్నకూడు మా నాన్న తినలేదు" అని ఒకడు చెప్పాడు. కాలువకు ముందు ఆ నేల ఏమి పెట్టిందో ఒక్క పాదంలో రాసి ఉన్నది. అప్పుడు మాస్టారు, ఈ మాటలు ఎవరి నోట వస్తున్నాయో గమనించమన్నారు. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్నవాడు, సన్నబియ్యపు భోజనానికి అలవాటు పడినవాడు. పద్యం వర్ణనగా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది ఫిర్యాదు. ఆ మాట వినగానే నాపరాయి తెచ్చిన అబ్బాయి ముఖం ఎర్రబడింది. "అయితే ఆయన మా ఊరిని వెక్కిరించాడన్నమాట" అన్నాడు. మాస్టారు ఆ కోపాన్ని చల్లార్చే ప్రయత్నం చేయలేదు. నీ ఊరి తరఫున అదే ఆటవెలది ఛందస్సులో జవాబు రాసుకుని రమ్మన్నారు. వాడు వారం రోజులు తంటాలు పడి రాశాడు. రెండు చోట్ల గణం తప్పింది. అయినా చదివేటప్పుడు గది నిశ్శబ్దంగా విన్నది.

ఆ రోజు గంట కొట్టిన తరువాత, చరిత్ర చదివే అమ్మాయి ఒకతె మా ఇద్దరినీ ఆపి, "సార్, ఈ పద్యంలో రాళ్ళున్నాయి, దేవుళ్ళున్నారు, పాములున్నాయి, తేళ్ళున్నాయి, ఊళ్ళున్నాయి, మనుషులు మాత్రం ఒక్కరూ లేరు" అన్నది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పద్యం నాది. ఆ సంగతి నాకు అంతవరకు తట్టనే లేదు.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఒక్కటే. ఇతర విభాగం వారిని పిలవండి, అయితే పది నిమిషాలు మాట్లాడి వెళ్ళే అతిథులుగా పిలవకండి. గంటంతా బెంచీ మీద కూర్చుని, పద్యం విని, పిల్లలతో పాటు తప్పులు చదివి, ఆ తరువాతనే తమ శాస్త్రం తెరిచేవారిని పిలవండి.

జవాబు: అరండల్‌పేట గణితం, గుంటూరు

మాస్టారి చాటువునే తీసుకుని నేను మరొక వైపు నుంచి చెబుతాను. ఛందస్సు చెబితే పిల్లలు పోతారని మేడమ్ గారు అన్నారు. సూత్రంగా అప్పజెబితే పోతారు. లెక్కగా వారి చేతనే తేల్చిస్తే గణితం పిల్లలు మొదటి బెంచీకి వస్తారు.

నేను చేసేది ఇది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని మాత్రమే చెప్పి, మొత్తం నాలుగు మాత్రలు వచ్చేలా ఎన్ని రకాలుగా పేర్చవచ్చో రాయమంటాను. ఐదు నిమిషాల్లో ఐదు రకాలు తేలుతాయి: రెండు గురువులు, గురువు తరువాత రెండు లఘువులు, రెండు లఘువుల నడుమ గురువు, రెండు లఘువుల తరువాత గురువు, నాలుగు లఘువులు. ఆరో రకం లేదని వారే ఒప్పుకున్న తరువాత, కందపద్యంలో వాడదగిన గణాలను బోర్డు మీద రాస్తాను: గగ, భ, జ, స, నల. అవే ఐదు. మన పెద్దలు కందానికి ఏవో ఐదు గణాలను ఏరుకోలేదు, నాలుగు మాత్రలతో సాధ్యమైన వాటిని ఒక్కటీ వదలకుండా తీసుకున్నారని అప్పుడు తెలుస్తుంది. జగణానికి బేసి స్థానాలు నిషేధం, ఆరో గణం నలమో జగణమో కావాలి వంటి నియమాలు ఆ తరువాత చెబితే, అవి ఆంక్షలుగా కాక ఆట నియమాలుగా వినిపిస్తాయి.

అక్కడి నుంచి ఒక్క అడుగు. ఒక మాత్రకు ఒక రకం, రెండింటికి రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి ఐదు, ఐదింటికి ఎనిమిది. ఏ వరుస అయినా లఘువుతోనో గురువుతోనో ముగియాలి. చివరి లఘువును తీసేస్తే ఒక మాత్ర తగ్గుతుంది, చివరి గురువును తీసేస్తే రెండు తగ్గుతాయి. కనుక ప్రతి సంఖ్యా దాని ముందరి రెండింటి మొత్తమే అవుతుంది. ఇటలీకి చెందిన ఫిబొనాచ్చి ఈ సంఖ్యలను 1202లో తన గ్రంథంలో చెప్పాడు. అంతకు ముందే, 12వ శతాబ్దిలో, జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు లెక్క కోసమే వీటిని చెప్పాడు. ఛందస్సు పండితుడే అయిన విరహాంకుడు ఆయన కంటే ఎంతో ముందువాడు. కవిత్వపు అవసరమే ఈ గణితాన్ని పుట్టించిందని పిల్లలకు చెప్పినప్పుడు నాకు కలిగే సంతోషం పాఠ్యపుస్తకంలోని ఏ అధ్యాయమూ ఇవ్వలేదు. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన పద్యాలలో తెనిగించిన సంగతి కూడా ఇక్కడే చెప్పవచ్చు.

ఇక గణితం ఆగిపోయే చోటు కూడా పిల్లలకు చూపించాలి, నాకు అదే ముఖ్యం. మూడు మాత్రలకు మూడు రకాలున్నాయి: గల, లగ, లలల. ఆటవెలదిలో వచ్చే సూర్యగణాలు మాత్రం రెండే: గల, న (అంటే లలల). లగను ఎందుకు వదిలేశారు? లెక్క ప్రకారం మూడూ సమానమే. ఆటవెలదిలోనే వచ్చే ఇంద్రగణాలు ఆరింటినీ వరుసగా రాసి చూడండి, వాటిలో ఒక్కటి కూడా లగతో మొదలు కాదు. గణం మొదట్లోనే లఘువు మీద వెంటనే గురువు పడితే దానిని ఎదురునడక అంటారు. జానపదుల నోట పెరిగిన, ఈ సూర్య ఇంద్రగణాలతో నడిచే మన పద్యాల జాతులు, ఉపజాతులు దానిని ఇష్టపడలేదు. ఈ ఇష్టాయిష్టాలను ఏ సమీకరణం నుంచీ రాబట్టలేము. బల్ల మీద దరువు వేస్తూ రెండు రకాలనూ పలికి చూస్తేనే తెలుస్తుంది. నా తరగతిలో ఆ పని చేయించి, ఇక్కడ నేను చెప్పగలిగినది అయిపోయింది, ఇక మీ చెవే చెప్పాలి అంటాను.

పల్నాటి చాటువుకు వస్తే, ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కనుక 288 రకాలు. సరి పాదానికి ఐదూ సూర్యగణాలే కనుక 32 రకాలు. నాలుగు పాదాలకూ కలిపి 8,49,34,656 రకాల ఆటవెలదులు సాధ్యం. పద్యం మొత్తంలో సూర్యగణం రావలసిన చోట్లు పదహారు. ఈ చాటువులో ఆ పదహారు చోట్లా ఉన్నది గలమే. నగణం ఒక్కటి కూడా లేదు. వెనుక బెంచీ అమ్మాయి పాదాలకు తగిలిన రాళ్ళు ఇవే. నాణెం ఎగరేసినట్టు చూస్తే ఇలా జరగడానికి 65,536లో ఒక్క వంతే అవకాశం అని విద్యార్థులు వెంటనే లెక్క కడతారు. అక్కడ వారిని ఆపాలి. భాష నాణెం కాదు. చిన్న, జొన్న, సజ్జ వంటి రెండక్షరాల మాటలు తెలుగులో కొల్లలు. రాళ్ళు, నీళ్ళు, కూళ్ళు, ఊళ్ళు అనే అంత్యప్రాస పెట్టుకున్నప్పుడే కవి సగం గణాలను తేల్చేసుకున్నాడు. కనుక వేమన ఆటవెలదులు ఓ యాభై తీసుకుని, వాటిలో గలాలెన్ని, నగణాలెన్ని ఉన్నాయో లెక్కించి, ఆ తరువాతే మాట్లాడమంటాను. ఆ పనికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఎవరూ బలవంతపెట్టకుండానే యాభై పద్యాలు గొంతెత్తి చదివి ఉంటారు.

జవాబు: బెంజ్ సర్కిల్, విజయవాడ

నేను ఆటవెలది పేరు పరీక్ష కోసం నేర్చుకుని, పరీక్షతోనే మరచిపోయి, ఇంజినీరింగు చదివినవాణ్ణి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. మీ కంప్యూటర్ల విద్యార్థులకు ఒక పని ఇవ్వమని మనవి. పద్యం ఇస్తే లఘువులను, గురువులను గుర్తించే చిన్న ప్రోగ్రాము రాయమనండి. దీర్ఘం, సున్న, విసర్గ, పొల్లు సులువుగానే వస్తాయి. ఒత్తు దగ్గర తడబడతారు. "రాళ్ళు" అన్న మాట యూనికోడ్‌లో ర, దీర్ఘం, ళ, విరామ చిహ్నం, మళ్ళీ ళ, ఉత్వం అనే వరుసలో ఉంటుంది కనుక, ఒక అక్షరం బరువు తేల్చాలంటే ప్రోగ్రాము దాని తరువాతి అక్షరాన్ని తొంగి చూసి వెనక్కి రావాలి. అది కూడా చేయగలుగుతారు. అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. "జనప్రియుడు" అన్నప్పుడు "న" గురువు అవుతుంది, "మన ప్రజలు" అన్నప్పుడు "న" లఘువుగానే ఉంటుంది. రెండింటిలోనూ తరువాత ఉన్నది "ప్ర" నే. మొదటిది సమాసం, రెండోది విడివిడి తెలుగు మాటలు. పాత పుస్తకాలలో పదాల నడుమ ఖాళీ కూడా సరిగా ఉండదు. అర్థం తెలియనిదే అక్షరం బరువు తెలియదన్న సంగతి నాకు పాతికేళ్ళు దాటాక, ఒక సెలవురోజున సరదాగా ప్రోగ్రాము రాస్తుంటే తెలిసింది. కళాశాలలోనే తెలిసి ఉంటే తెలుగు మాస్టారిని ఎన్నో అడిగి ఉండేవాణ్ణి.

జవాబు: గవర్నర్‌పేట వైద్య అధ్యాపకురాలు, విజయవాడ

పై జవాబులు చదివి ఎంతో సంతోషించాను. అయితే ఒక హెచ్చరిక కూడా చేయాలనిపిస్తున్నది. 2019లో వైద్యవిద్య పాఠ్యప్రణాళిక మారినప్పుడు, రోగి పట్ల వైఖరి, నీతి, మాట తీరు అనే మూడింటినీ కలిపి ఆట్‌కామ్ పేరుతో ఎంబీబీఎస్‌లో చేర్చారు. సాహిత్యాన్ని వైద్య విద్యార్థుల దగ్గరికి తీసుకురావడానికి అది మంచి తలుపు. అయితే నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట ఆ తలుపును తెరిచిన తీరు నాకు నచ్చలేదు. రోగి బాధ మీద ఒక కవితను తెర మీద వేసి, పక్కనే "దీనివల్ల మనం సానుభూతి నేర్చుకుంటాము" అని రాశారు. నేర్చుకోవలసినది ముందే రాసి ఉంటే ఇక కవితను ఎవరు చదువుతారు? కవిత్వం చదివితే మంచివారవుతారని విద్యార్థులకు మాట ఇవ్వకండి. పద్యాలు బాగా వచ్చిన కఠినాత్ములను నేను చూశాను.

నేను పద్యాన్ని వేరే పనికి తీసుకువస్తాను, మాట మీద ధ్యాస నిలపడానికి. మన దగ్గరికి వచ్చే రోగి నొప్పి అన్న మాటను చాలా తక్కువగా వాడతాడు. పన్ను సలుపుతోందంటాడు. కాళ్ళు పీకుతున్నాయంటాడు. ఒళ్ళంతా తీపులంటాడు. పక్కలో పోటు వస్తోందని, నడుము పట్టేసిందని, గుండెల మీద బండ పెట్టినట్టుందని, అరికాళ్ళు చుర్రుమంటున్నాయని చెబుతాడు. ఇవన్నీ కేసుషీటులోకి వెళ్ళేసరికి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట అయిపోతాయి. సలుపు ఆగి ఆగి వస్తుంది, తీపు ఆగకుండా లాగుతుంది, పోటు ఒక్కసారి గుచ్చి వదులుతుంది. వాటి తేడా వ్యాధి తేడా కావచ్చు. మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో కెనడాలో రూపొందించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిలో నొప్పిని చెప్పే మాటలను 78 సేకరించి 20 వర్గాలుగా పేర్చారు. రోగి వాడిన మాట రోగనిర్ణయానికి పనికి వస్తుందని వైద్యశాస్త్రమే ఒప్పుకున్నదనడానికి అదే సాక్ష్యం.

కనుక నా తరగతిలో ఒక పద్యం చదివించి, ఒక్క మాట తీసివేసి దాని స్థానంలో అదే అర్థం వచ్చే మరొక మాట పెట్టమంటాను. పై చాటువులోనే "చిల్లర దేవుళ్ళు" తీసి "చిన్న దేవుళ్ళు" అని పెట్టి చూడండి. గణం చెడుతుంది, అది సరే. అంతకంటే ముఖ్యంగా కవి చూపు చెడుతుంది. చిన్న అన్న మాటలో కొలత ఉన్నది, చిల్లర అన్న మాటలో చులకన ఉన్నది. ఈ తేడా పట్టుకున్న విద్యార్థిని మరునాడు వార్డుకు పంపి, ముగ్గురు రోగులు తమ బాధను చెప్పిన మాటలను అచ్చంగా వారి నోటివెంట వచ్చినట్టే తెలుగులో రాసుకురమ్మంటాను. ఒక అమ్మాయి ఒకసారి రాసుకువచ్చిన కాగితంలో, "కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టుంది" అన్న వాక్యం ఉన్నది. ఆ అమ్మాయి దాని కింద గీత గీసి, పక్కన పిండి, వదిలి, మళ్ళీ పిండుతుందట అని రాసింది. ఆమె అక్కడ ఆగకుండా మరో ప్రశ్న అడిగింది కనుకనే ఆ వివరం దొరికింది.

జవాబు: కొత్తపేట న్యాయశాస్త్రం, గుంటూరు

మీ కోర్సులో సమాజ శాస్త్రాల వైపు ఒక్క కావ్యానికే చోటుంటే అది గుర్రం జాషువా గబ్బిలం కావాలని కోరుతున్నాను. 1895లో వినుకొండలో పుట్టి 1971లో గుంటూరులో కన్నుమూసిన కవి మన జిల్లా పిల్లలకు పాఠ్యాంశంగా కాక పొరుగువాడిగా తెలియాలి.

న్యాయశాస్త్రం విద్యార్థులతో నేను చదివించే ఘట్టం ఒకటున్నది. గుడిలోకి అడుగు పెట్టే హక్కు లేని కావ్యనాయకుడు అరుంధతీసుతుడు, గుడిలో యథేచ్ఛగా వేలాడే గబ్బిలంతో తన కథను శివుడికి విన్నవించమంటాడు. వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేనివేళ చెప్పు అంటాడు. పద్యాన్ని రెండుమూడుసార్లు గొంతెత్తి చదివిన తరువాత, ఇది ఏ రకం పత్రం అని అడుగుతాను. విన్నపం అంటారు. విన్నపాన్ని అధికారి సమక్షంలోనే ఇవ్వాలి కదా, ఇతడు పూజారి లేని వేళను ఎందుకు కోరుకున్నాడు? ఆ ప్రశ్న మీద ఒక గంట గడుస్తుంది. విచారణాధికారికీ ఫిర్యాదుదారుకూ నడుమ నిలబడినవాడే ప్రతివాది అయినప్పుడు ఏమి చేయాలన్నది వారు ముందు ముందు చదవబోయే విషయమే, అయితే ఇక్కడ దానికి ముఖం ఉన్నది.

కావ్యం 1941లో వచ్చింది. గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, హిందూ ఆలయాలను అన్ని వర్గాలకూ తెరవడానికి వీలు కల్పించిన 25వ అధికరణం 1950లో అమలులోకి వచ్చాయి. ఈ తేదీలను నేను పద్యం తరువాతే చెబుతాను. ముందు చెబితే, సమస్య చట్టంతో తీరిపోయింది కనుక పద్యం పాతబడిందని పిల్లలు అనుకుంటారు. తరువాత చెబితే, మీ ఊళ్ళో గుడి సంగతి ఏమిటని ఒకరినొకరు అడుగుతారు.

ప్రశ్న వేసిన బ్రాడీపేట అధ్యాపకురాలి నుంచి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులను కాగితం మీద రాసుకుని, మా ప్రిన్సిపాల్ గారితో నిన్న మాట్లాడాను. గణితం, జంతుశాస్త్రం విభాగాల నుంచి ఒక్కొక్కరు వారానికి ఒక గంట పూర్తిగా తరగతిలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. గణితం మాస్టారికి పద్యం చదవడమంటే మొహమాటం. పిల్లల ముందు తప్పు చదివితే ఎలాగని అడిగారు. తప్పు చదివే పెద్దవారు ఒకరు గదిలో ఉంటేనే నా నలభైమందికి నోరు విప్పే ధైర్యం వస్తుందని చెప్పాను.

మొదటి రెండు వారాలూ చదవడం, వినడం, బల్ల మీద దరువు వేయడం తప్ప మరేమీ పెట్టదలచుకోలేదు. డాక్టరు గారు చెప్పిన మాట మార్చే అభ్యాసం మూడో వారం నుంచి మొదలవుతుంది. వార్డుకు బదులు మా పిల్లలను ఏటుకూరు రోడ్డు మిర్చియార్డుకు పంపాలనుకుంటున్నాను. కాయ రంగును, ఘాటును, తేమను రైతులు, కమీషను వ్యాపారులు, హమాలీలు ఏయే మాటలతో చెబుతారో కామర్స్ పిల్లలు రాసుకుని వస్తారు. గబ్బిలం ఆఖరి నెలకు ఉంచుతున్నాను, కొంత చదివే అలవాటు పడిన తరువాత.

పరీక్ష ఒక్కటే ఇంకా తేలలేదు. కంఠస్థానికి మార్కులు ఇవ్వాలని నాకు ఉన్నది, అయితే అది మళ్ళీ అప్పజెప్పడం అవుతుందేమోనని వెనకాడుతున్నాను. తరగతిలో చెప్పని ఒక పద్యం ఇచ్చి, అర్థం రాయమనకుండా, ఈ పద్యాన్ని మీరు అడగదలచుకున్న మూడు ప్రశ్నలు రాసి, వాటిలో ఒకదాని వెంట ఎంత దూరం వెళ్ళగలరో వెళ్ళండి అంటే ఎలా ఉంటుంది? దానిని ఇద్దరు వేరు వేరు విభాగాల వారు దిద్దితే మార్కులు పొంతన కుదురుతాయా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

సత్యనారాయణపురం మాస్టారూ, మీతో ఒక మనవి. ఆ నాపరాయి ముక్క ఇంకా మీ వద్ద ఉంటే జూన్‌లో ఒక రోజు దానితో సహా మా కళాశాలకు రాగలరా? ఆమ్లం సీసా మా రసాయనశాస్త్రం ల్యాబులో ఉన్నది.

జవాబు: సత్యనారాయణపురం, విజయవాడ

ఉన్నదమ్మా. పుస్తకాల అలమరలో పై అరలో ఉన్నది. తప్పకుండా తెస్తాను. ఆ అబ్బాయి రాసిన జవాబు పద్యం కాగితం కూడా దాని కిందే మడిచి పెట్టి ఉన్నది, అదీ తెస్తాను. గణం తప్పిన రెండు చోట్లనూ మీ పిల్లల చేతనే పట్టించండి. రెండు విభాగాల వారు దిద్దే సంగతికి వస్తే, మేము ఒకే పేపరును ఇద్దరమూ విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన వాటిని విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మళ్ళీ చదివేవాళ్ళము. నలభై ఆరు పేపర్లకు అది పెద్ద పనే, ఒకటి రెండు సాయంత్రాలు పోతాయి.